ఎదురింట్లో ఎంత చోటుందో!

నా కాలేజీ ఫీజుకు పేదలకిచ్చే సర్కారు సాయం కావాలంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇల్లు చూస్తాడట. అమ్మ నడుం బిగించి ఫ్రిజ్, సోఫా, టీవీ, గోడ గడియారం అన్నీ ఎదురింటికి మోయించింది. నాన్న బొజ్జ ఒక్కటే దాచలేకపోయింది.

"ఎంత చోటుందో!" అని ఎదురింటి పిన్ని ఖాళీ అయిన మా హాలు చూసి మురిసిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మా ఇంట్లో కూర్చోడానికేమీ లేక, నిలబడే "పాపం" అని రాసుకున్నాడు. తర్వాత కాగితం చూసుకుని ఎదురింటి తలుపు కొట్టాడు. పిన్ని కూతురూ అప్లికేషన్ పెట్టిందట!

మా సోఫాలో కూలబడి, "ఇంత ఉండి మీకెందుకమ్మా సాయం?" అంటూ ఆ పిల్ల అప్లికేషన్ కొట్టేశాడు.

"అవి మావని చెప్పొచ్చుగా!" అంది అమ్మ, అతను వెళ్లాక.

"చెప్తే మీ అమ్మాయిదీ పోతుంది కదక్కా."

సామాన్లు తిరిగి తెచ్చేసుకున్నాం. పిన్ని హాల్లో ఒక్క చాప మిగిలింది.