తెగిన పోగు

"ఈరోజే ఆఖరు తారీకు మామా. లాస్యను మాంటిస్సోరి బడిలనే వేద్దాం," అంది కోడలు సుష్మిత, ఫారం చూపిస్తూ.

గద్వాల చీర నేస్తున్న పెంటయ్య మగ్గం మీంచి తలెత్తలేదు. "పలక లేదు, హోంవర్క్ లేదు. పూసలతోని ఆడుకోనీకి బడెందుకు? నువ్వు దెబ్బలు తిని చదివినవ్. గందుకే మనింట్ల తొలి డిగ్రీ నీదైంది."

"ఆ దెబ్బలే నా బిడ్డకొద్దు!"

అంతలో మగ్గం మీద ఒక పట్టుపోగు తెగింది. నాలుగేళ్ల లాస్య తాత పక్కకు జరిగి, తెగిన కొసలు రెండూ పట్టుకుంది.

"ఏయ్, ముట్టకు! చీర ఖరాబైతది!" సుష్మిత ఉరికొచ్చి పిల్ల చేయి లాగబోయింది.

పెంటయ్య చేయి అడ్డం పెట్టాడు. "జర ఆగు, చెయ్యనీ. తప్పయితే అదే విప్పుకుంటది. నేను గట్లనే నేర్చిన, నీ మొగనికీ గట్లనే నేర్పిన."

చిన్న వేళ్లు రెండుసార్లు జారాయి. మూడోసారి ముడి పడింది. ఎవరూ మెచ్చుకోకముందే లాస్య తనలో తానే నవ్వుకుంది.

సుష్మిత చేయి ఇంకా గాల్లోనే ఉంది. మొన్న ఆ బడిలో మేడం చెప్పిందీ ఇదే మాట. తను అన్నిటికీ తలూపి వచ్చింది.

"ఆ బడిల గూడ గిట్లనే నేర్పుతరు మామా," అంది మెల్లగా.

పెంటయ్య ముడిని వేలితో తడిమి చూశాడు.

"గట్లయితే ముందుగాల నిన్ను చేర్పియ్యాలె," అంటూ ఫారం కోసం చేయి చాచాడు.