హోద్‌మెజోవాషార్‌హెయ్

హైమావతి పుట్టింటి చీర లేకుండానే కాలిపోయింది. అది వాళ్ళ తప్పు. కబురు సకాలంలోనే అందింది. నలుపు తప్ప ఏ రంగైనా ఫరవాలేదని శేషగిరి ఫోన్‌లో చెప్పాడు కూడా. చీర రాలేదు. తెల్లపూల గుత్తి వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి బయట కౌన్సిల్ బిన్‌లో పడేశాడు.

హైమావతి అన్నది పెళ్ళిపందిట్లో శేషగిరి తల్లి కోడలికి పెట్టిన పేరు. ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్ దహనశాలలో శవపేటిక మీద కూడా అదే రాయించాడు.

ఇప్పుడు కూతురు ప్రియా హంగరీ వెళ్తోంది. ఒక ముసలావిడను చూడటానికి. ఆవిడ తనను ఇంట్లోకి రానిస్తుందో లేదోనని పిల్లకు భయం.

"ఊరి పేరు తప్పు పలికావంటే గుమ్మంలోనే నవ్వుతుంది. నవ్వి తలుపేస్తుంది. ఏదీ, చదువు," అన్నాడు శేషగిరి.

ప్రియా ఫోన్‌లో చూసి చదివింది. "హోడ్‌మెజో... వసర్‌హెలీ."

"వసర్ ఏమిటే? వాషార్. చివర హెలీ కాదు, హెయ్. బరువంతా మొదట్లోనే వెయ్యి."

"దట్స్ నాట్ అ నేమ్ నాన్నా, దట్స్ అ గూడ్స్ ట్రెయిన్!"

శేషగిరి నవ్వలేదు. "బస్సు ఎక్కడ ఎక్కాలి?"

"జెగెడ్."

"సెగెద్."

శేషగిరిది ఊరిబడి చదువు. అక్కడ ఎక్కాలు ఎలా అప్పజెప్పించుకునేవారో అలాగే అప్పజెప్పించుకున్నాడు. టీ చల్లారిపోయింది. చివరికి పేరు తప్పు లేకుండా వచ్చింది. బాగుందని అతను అనలేదు.

"వాట్ ఇఫ్ షి డజన్ట్ లైక్ మి?"

"వెనక్కి వచ్చెయ్."

ప్రియా తల్లి చీరల్లోంచి కుంకుమరంగుది తీసి సూట్‌కేసులో పెట్టింది. "ఆవిడకి ఇస్తాను."

శేషగిరి దాన్ని తీసి, మడత చెదరకుండా మళ్ళీ అలమరలో పెట్టేశాడు.

"చీర వాళ్ళు పెట్టాలి. మనం కాదు."

"నువ్వు కూడా రా నాన్నా. ప్లీజ్."

శేషగిరి సూట్‌కేసు జిప్పు లాగాడు. "ఇంకొక్కసారి చెప్పు."

చెప్పింది. అచ్చం అలాగే.

అతను సూట్‌కేసు తీసి గుమ్మం పక్కన నిలబెట్టాడు.

"మీ అమ్మ తను పుట్టిన ఊరి పేరు నాకు నేర్పింది, నేను నీకు అప్పజెప్పాను, ఇక ఆ పేరు నా నోట రాదు."