పాంతు బురద

పాత బావి అడుగున కుళ్ళిన బురదను ఒళ్ళంతా పులుముకొని, పాంతు దేవతల వేషం కట్టినవాళ్ళు ఎదురైనవారికల్లా దాన్ని పూస్తూ ద్వీపమంతా తిరిగే సాయంత్రం అది. విశ్రాంత సైన్సు మాస్టారు జెంకో తలుపులన్నీ గడియ వేశాడు.

“మన పసి మనవరాలి నుదుట ఓ చుక్క పూయించండి. పీడ పోతుంది,” అంది భార్య కమదో.

“పీడ సంగతేమో గాని, విరేచనాలు ఖాయం!”

దేవతలు తలుపు బాది బాది వెళ్ళిపోయారు.

అర్ధరాత్రి చచ్చిన చేపల కంపుకు ఆయనకు మెలకువ వచ్చింది. సముద్రం మీది గాలి ఇటు మళ్ళిందనుకున్నాడు. గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఉయ్యాలలో మనవరాలి నుదుట మాత్రం మూడు వేళ్ళ బురద చార కనిపించింది.

“నీ పనేనా?”

“ఒట్టు, నేను గడప దాటలేదండీ!”

ముక్కు మూసుకొని తడిగుడ్డతో తుడిచాడు. లేత చర్మం శుభ్రంగా బయటపడింది. పాప నిద్రలో హాయిగా నవ్వింది.

మరుక్షణం ఆ చర్మంలోంచే నల్లటి బురద, చెమట పట్టినట్టు, మెల్లగా ఊరసాగింది.