బడి ఉంగరం

“ఇవ్వను,” అంది మిరెన్, ఇత్తడి ఉంగరాన్ని గుప్పిట్లో బిగించి.

గీతాంజలికి ఒళ్లు మండింది. అమెరికాలో, బాయిసీ ఊళ్లో, తన ఇంటి గరాజ్‌లో, ఎనిమిది మంది పిల్లల ముందు, పక్కింటి ఎనభై ఆరేళ్ల ముసలమ్మ తన ఉంగరం లాక్కోవడమేమిటి! ప్రతి ఆదివారం పిలిచి టీ ఇచ్చినందుకా? దారం చుట్టిన పాత ఉంగరమొకటి వేలాడే ఆ ముడతల వేళ్లు విప్పుదామంటే, ఉడుంపట్టు.

“ప్లీజ్, మిరెన్. అది మా తెలుగు క్లాస్ రూల్,” అంది ఇంగ్లిష్‌లో, నవ్వు పులుముకుని. “ఇంగ్లిష్ మాట్లాడినవాళ్లు ఆ ఉంగరం పెట్టుకోవాలి. ఇంకొకళ్లు ఇంగ్లిష్ మాట్లాడితే పట్టుకుని వాళ్లకి తొడిగెయ్యొచ్చు. క్లాస్ అయ్యేసరికి ఎవరి వేలికుంటే వాళ్లు గుణింతం మొత్తం రాయాలి. జస్ట్ గేమ్!”

“గేమ్ అయితే ఈ పిల్ల ఎందుకేడుస్తోంది?”

ఏడుస్తున్నది దియ. గీతాంజలి కూతురే, తొమ్మిదేళ్లది. మూడు వారాలుగా ఉంగరం దాని వేలు వదల్లేదు. పక్కన కూర్చునే మేధ ఇంగ్లిష్‌లో గుసగుసలాడినా దియ పట్టివ్వదు. ఇవాళ పొద్దుటినుంచి ఇంగ్లిషూ లేదు, తెలుగూ లేదు. ఇడ్లీ కావాలా అంటే తలూపింది. చివరికి ‘అమ్మా’ అనడం కూడా మానేసింది. గీతాంజలి పైకి బింకంగానే ఉంది గానీ, ఆ మూగనోము చూసి లోపల బెంగ పట్టుకుంది. కూతురికి నాలుగు తెలుగు ముక్కలు రావాలనే కదా ఈ క్లాసు! ఉన్న రెండు ముక్కలూ పోతే?

“మా బళ్లోనూ ఉండేది ఇలాంటి ఉంగరం,” అంది మిరెన్, కుర్చీలో కూలబడి.

“మీ భాష నేర్పడానికా?”

“మాన్పించడానికి.”

గీతాంజలి మార్కర్‌కి మూత పెట్టేసింది.

మిరెన్ వాళ్లు బాస్క్ జనం. స్పెయిన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య కొండల్లో వాళ్ల సీమ. అక్కణ్నుంచి ఈ ఊరికి వలస వచ్చినవాళ్లు చాలామందే. దేశమంటూ లేదు గానీ జెండా ఉంది, భాష ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల ఆ జెండా మిరెన్ వాకిట్లో ఎప్పుడూ ఎగురుతుంటుంది. కొత్తలో గీతాంజలి దాన్ని క్రిస్మస్ అలంకరణ అనుకుని, ఉగాది వచ్చినా తియ్యరేమిటా అని విస్తుపోయింది.

“అప్పుడు నాకూ తొమ్మిదేళ్లే. నియంత రాజ్యం. ఆ జెండా ఎగరేస్తే జైలు. బళ్లో మా మాట ఒక్కటి దొర్లిందా, వేలికి ఉంగరం. వదిలించుకోవాలంటే ఇంకొకరి నోట మా మాట వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. శనివారం బెల్లయ్యేసరికి ఎవరి దగ్గరుంటే వాళ్లకి బెత్తం. మాస్టారు పట్టుకోనక్కర్లేదు గీతా, మాకు మేమే పోలీసులం! నెల తిరక్కుండా ఎవరితో ఎవరం మాట్లాడుకోవడం మానేశాం.”

గీతాంజలి పిల్లల వైపు చూసింది. ఎనిమిది మందీ ఒకరి నోరు ఒకరు కనిపెట్టుకుంటూ బిక్కుబిక్కుమని కూర్చున్నారు. ఇంగ్లిష్ వినబడటం లేదని ఇన్నాళ్లూ తెగ మురిసిపోయింది గానీ, తెలుగూ వినబడటం లేదని తట్టనే లేదు. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే!

“సారీ, నాన్నా,” అంది గీతాంజలి, దియ పక్కన కూర్చుని. “ఉంగరం లేదు, ఏం లేదు. నీకెలా వస్తే అలా మాట్లాడు.”

దియ ముక్కు తుడుచుకుంది. “అమ్మా... అముమని టీచర్ కొట్టాడా?”

అముమ అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. దియ చేత అలాగే పిలిపించుకుంటుంది మిరెన్. కూతురి నోట మాట వచ్చినందుకు ప్రాణం లేచొచ్చి, గీతాంజలి ఆ ప్రశ్నని గబగబా ఇంగ్లిష్‌లో అడిగింది.

“నన్ను కాదు. ఆ శనివారం ఉంగరం నా వేలికే ఉంది. బెల్లు కొట్టబోతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, మాస్టారికి వినబడేలా, మా భాషలో ‘శుభోదయం, మిరెన్!’ అని అరిచాడు. సాయంత్రం నాలుగింటికి! ఉంగరం వాడికి పోయింది. ఆరు దెబ్బలు పడ్డాయి. సోమవారం ఉంగరం ఏదిరా అంటే ఏట్లో పడిపోయిందన్నాడు. మళ్లీ ఆరు.”

పిల్లలంతా కుర్చీలు లాక్కుని మిరెన్ చుట్టూ మూగారు. తెలుగులో కొన్ని, ఇంగ్లిష్‌లో కొన్ని, ఒకటే ప్రశ్నలు. అందరికంటే పెద్ద గొంతు దియదే.

“అమ్మా, అడుగు అడుగు! రియల్‌గా పడిపోయిందా ఆ రింగ్?”

గీతాంజలి అడిగింది. మిరెన్ ఇత్తడి ఉంగరాన్ని దియ చేతిలో పెట్టి, తన వేలికున్న, దారం చుట్టిన పాత ఇనప ఉంగరాన్ని మెల్లగా తిప్పింది.

“పదిహేనేళ్ల తర్వాత, ఈ ఊరి చర్చిలో, ఆ కుర్రాడే దీన్ని నా వేలికి తొడిగాడు.”