నాలుగు మిల్లీసెకన్లు

“సర్వర్ స్లో” అన్న మాట వింటేనే ఇంజనీరుకు ఒళ్లు మండుతోంది.

ఈ నెలలో ఏడు ఫిర్యాదులు. ఏడూ ఆస్పత్రి రిపోర్టుల కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లు రాసినవే. రిపోర్టు రావడానికి పావుగంట పట్టిందట! శుక్రవారంలోగా సరిచేయకపోతే కాంట్రాక్టు ఇంకొకరికి ఇచ్చేస్తానని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

అందుకే పొద్దున్నుంచీ కౌంటర్ పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కొలుస్తున్నాడు. కౌంటర్‌లో పెద్దావిడ నంబరు కొట్టినప్పుడల్లా, సర్వర్ ఆ రిపోర్టును చదవడానికి ఎంతసేపు పట్టిందో అతని తెరమీద పడుతుంది. సమయం తప్ప లోపలి సంగతులేవీ కనబడవు.

నాలుగు మిల్లీసెకన్లు. నాలుగు. ఐదు. మళ్లీ నాలుగు. రెప్ప వేసేలోపు అలాంటివి పాతిక చదివేయొచ్చు.

నలభైమంది వచ్చారు, తీసుకున్నారు, వెళ్లారు. తన ఎదుట సర్వర్ బుద్ధిమంతుడిలా నటిస్తోందేమోనని కూడా అనుమానం వచ్చింది, పాపం.

“ఎక్కడండీ స్లో?” అన్నాడు విసుగ్గా.

“అన్నిసార్లూ అవదు బాబూ,” అంది ఆవిడ తలెత్తకుండా.

“ఎప్పుడవుతుందో అదైనా చెప్పండి మరి!”

ఆవిడ తర్వాతివాళ్ల స్లిప్పు అందుకుంది.

మధ్యాహ్నానికి జనం పల్చబడ్డారు. ఎలాగూ వచ్చాను కదా అని జేబులోంచి భార్య స్లిప్పు తీసిచ్చాడు. మెడ దగ్గర చిన్న గడ్డకి పోయిన వారం చేయించిన టెస్టు. తీసుకురమ్మని ఆమె మూడు రోజులుగా పోరుతోంది.

ఆవిడ నంబరు కొట్టింది. తెరవంక చూసింది.

“సర్వర్ స్లోగా ఉంది బాబూ. కాసేపు కూర్చోండి.”

ఫోనెత్తి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడింది. మంచినీళ్ల గ్లాసు అతనివైపు జరిపింది.

ఇంజనీరుకు చిర్రెత్తుకొచ్చింది. లాప్‌టాప్ ఆవిడకేసి తిప్పాడు.

“ఇదిగో, నాలుగు! ఎప్పుడో వచ్చేసింది మీకు. నా ఎదురుగానే ఇంత అబద్ధమా? మేనేజరుకేనా ఫోన్ చేశారు? రానివ్వండి, ఆయన ముందే తేల్చుకుంటా!”

“ముందు కూర్చోండి, బాబూ.”

మెట్లు దిగి వచ్చింది మేనేజరు కాదు, పెద్ద డాక్టరు. ఇంజనీరు ఆయన్నే పట్టుకున్నాడు.

“మీరే చూడండి డాక్టరుగారూ! రిపోర్టు కళ్లముందు పెట్టుకుని సర్వర్ స్లో అంటుందీవిడ!”

డాక్టరు లాప్‌టాప్ మెల్లగా మూసి, పక్కన కూర్చున్నాడు.

“రిపోర్టు బాగాలేనప్పుడల్లా, నేను కిందికి వచ్చేదాకా ఆవిడ చెప్పే మాట అదేనండీ.”