గట్టిపడని నైలాను

అచ్చు విప్పగానే చిక్కటి జావ కారి బల్ల మీద పడింది.

లక్ష్మీరాజం వంగి చూశాడు. జావ అడుగున లేత ఎర్రటి చాయ కనబడింది. మాడిందేమో అనుకున్నాడు.

"గిదేనా సారూ, నీ నైలాను?" లింగమూర్తి చేతిగుడ్డతో ముక్కు మూసుకున్నాడు. మరమగ్గాల సామాన్లు అమ్మే హైదరాబాదు కంపెనీ మనిషి ఆయన. "సిరిసిల్ల సాంచెలన్నిటికి పికర్లు చేసిస్తనంటివి. గీ గంజితోని నాడె ఎగుర్తదా?"

సాంచా అంటే అక్కడివాళ్లకు మరమగ్గం. అందులో పేక పోగును మోసుకుపోయే నాడెను అటూ ఇటూ తన్నే చిన్న దిమ్మె పికరు. అప్పటిదాకా దాన్ని బర్రెతోలుతోనే చేసేవారు. వానకాలం వస్తే మెత్తబడేది, ఊరికే అరిగిపోయేది. నైలాన్‌తో పోత పోస్తే ఏళ్లకేళ్లు ఆడుతుంది. బొంబాయి ప్రయోగశాలలో ఆ విద్య నేర్చుకుని, అక్కడి కొలువు వదిలేసి వచ్చాడు లక్ష్మీరాజం. బళ్లో సైన్సు చెబుతూ, ఇంటి వెనక కొట్టంలో పోతలు పోస్తున్నాడు. ఈ కంపెనీ ఒప్పుకుంటే ఇక్కడే కార్ఖానా. కాదంటే ఊరు నవ్వుతుంది.

"లోపమెక్కడుందో నాకెరుకే," అన్నాడు. "నైలానుకు ముడిసరుకు కాప్రోలాక్టం, దాని అణువు ఉంగరం లెక్కుంటది. కరిగించి సోడియం ఏస్తే ఉంగరం తెగుతది. తెగిన కొసను ఇంకో ఉంగరం పట్టుకుంటది. గట్ల గొలుసైతది, గట్టిపడ్తది. జర చెమ్మ తగిలిందనుకో, సోడియం ఆడనే సచ్చిపోతది. ఇగ గొలుసు లేదు."

"మరి చెమ్మ యాడికెళ్లి వచ్చె?"

"అదే సమజైతలేదు. కాప్రోలాక్టం పలుకులు నేనే ఎండబెట్టిన. డబ్బా మూత నేనే బిగించిన."

"ఇంకెవరు ముడ్తరు?"

"బుచ్చిరాములు. పొద్దుగాల అచ్చులు తుడిచి, పలుకులు గిన్నెకెత్తి, మూతపెట్టి పోతడు. నేను బడి నుంచొచ్చి పొయ్యి ముట్టిస్త."

"తోలు పికర్లు చేసే బుచ్చిరాములేనా?" లింగమూర్తి పగలబడి నవ్వాడు. "నీ నైలాను గట్టిపడితే ఆయన నోట్లె మన్నే గద! దొంగ చేతికే తాళంచెవి ఇచ్చినవ్ పో!"

లక్ష్మీరాజం చెయ్యి జేబులోకి పోయింది. అందులో ఒక చిన్న తెల్లటి ముక్క ఉంది. ఇన్ని పోతల్లో గట్టిపడింది అదొక్కటే. ఆనాడు బుచ్చిరాములు జమ్మికుంటకు పెండ్లికి పోయాడు.

"రేపు సాయంత్రం బస్సుకు పోత," అన్నాడు లింగమూర్తి. "అందాక చూస్త. నీ ఇష్టం."

అప్పుడే బుచ్చిరాములు వాకిట్లోకి వచ్చాడు. భుజం మీద తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, ఆశగా చూశాడు.

"గట్టిపడ్డదా రాజం సారూ?"

"నీళ్లెందుకు పోసినవ్?"

"నేను నీళ్లు పోసుడేంది?"

"నీ తోలు పికరు బతకాలని పోసినవ్!"

"గదేం మాట సారూ! తోలు వాసన నాతోనే పోవాలె, నా కొడుకును నైలాను పనిల పెట్టుమని నిన్ను బతిలాడింది నేనే గద. నా కంచంల నేనే మన్ను పోసుకుంటనా?"

"మరి నువ్వు లేని నాడే ఎట్ల గట్టిపడ్డది? చెప్పురా!"

ఆ 'రా'కు బుచ్చిరాములు మొహం మాడిపోయింది. అంతవరకు 'రాములన్నా' అని పిలిచిన నోరది. 'మా ఇంట్ల అంటు ముట్టు లేదన్నా, లోపటికి రా' అని మొదటిరోజు చెయ్యి పట్టుకుని గడప దాటించిన మనిషి.

గొడవ విని సాంచెలవాళ్లు చేరారు. ఇత్తడి చెంబు చేత పట్టుకుని లక్ష్మీరాజం తల్లి కిష్టవ్వ కూడా వచ్చింది.

"కొడుకా, వాడు గసొంటోడు గాదురా. ఎన్నడన్న తలెత్తి మాట్లాడిండా? పాపం తాకుతది."

"నీకు తెల్వదవ్వా, నువ్వూకో!"

"గింత ద్రోహమా!" అన్నాడు సాంచెల హనుమండ్లు. "ఇగ నీ పికరు నా సాంచాకు పెడితే ఒట్టు!" మిగిలినవాళ్లూ అవునన్నారు.

బుచ్చిరాములు అందరినీ ఒకసారి చూసి, లక్ష్మీరాజం వైపు తిరిగాడు.

"నన్ను గడప బయట నిలవెట్టినోళ్లు సుత ఎన్నడు దొంగ అనలే సారూ. నువ్వు లోపటికి పిలిచి అన్నవు."

తెల్లారి బొంబాయి దగ్గరి భీవండికి పోయే లారీలో పెళ్లాన్నీ కొడుకునూ ఎక్కించుకుని పోయాడు. పికర్లు కొనేవాళ్లు లేని ఊళ్లో అతనికి ఇంక ఏం పని?

ఆ మధ్యాహ్నం లక్ష్మీరాజం పలుకులు తానే గిన్నెకెత్తాడు. కరిగించాడు. కిరసనాయిలులోంచి సోడియం తీసి తుడిచి వేశాడు. గొలుసును తొందరగా అల్లే రెండో మందు కలిపి, వేడి అచ్చులో పోశాడు. కాసేపాగి అచ్చు విప్పాడు.

ఏనుగు దంతంలా మెరుస్తూ పికరు బల్ల మీద ఠక్కున పడింది.

లింగమూర్తి సుత్తితో బలంగా కొట్టాడు. సుత్తే ఎగిరిపడింది.

"చూసినవా సారూ? మనిషి పోయిండు, చెమ్మ పోయింది!" అని లక్ష్మీరాజం భుజం చరిచాడు. "కార్ఖానాకు జాగ చూసుకో." నవ్వుకుంటూ బస్సెక్కాడు.

లక్ష్మీరాజం పరుగున వచ్చి పికరును తల్లి చేతిలో పెట్టాడు.

"చూడవ్వా! వాడు పోంగనే గట్టిపడ్డది. ఇప్పుడన్న నమ్ముతవా?"

కిష్టవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నడుము పట్టుకుని అరుగు మీద కూలబడి, చెంబు పక్కన పెట్టుకుంది.

"గవన్ని నాకేమెరుక బిడ్డా. నీకు కోపమొస్తదని ఇన్నొద్దులు చెప్పలేగని..."

"ఏందవ్వా?"

"వాడు ముట్టిన గిన్నెలల్ల పసుపునీళ్లు సల్లే పని తప్పింది నాకు."