భాను కొలతలు

చర్ల అడవి అంచున ఓ గుడిసెలో హత్య జరిగింది. అలాంటి చోట ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో కొలిచి స్కెచ్ గీసే పని పన్నెండేళ్లుగా హెడ్ కానిస్టేబుల్ ఆసిమ్‌దే. ఈసారి సీఐ ఆ పనిని కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ భానుకు అప్పగించాడు. ఆమె గీసింది చూసి, "స్కెచ్ అంటే గిట్లుండాలె ఆసిమ్" అన్నాడు అందరి ముందూ.

శవాన్ని దవాఖానాకు పంపాక, రాత్రి గుడిసెలో కాపలా ఆసిమ్‌కే పడింది. భాను స్కెచ్ చేతికిచ్చి వెళ్లింది.

"పైలం సార్. రెండుమార్లు కొలిచిన."

ఆసిమ్‌కు కడుపు మండిపోయింది. తెల్లారితే సీఐ టేపు పట్టి సరిచూస్తాడు. స్కెచ్‌లో గోడకూ స్టూలుకూ మధ్య నాలుగడుగులని ఉంది. అతను స్టూలును గోడ నుంచి ఒక అడుగు ఇవతలికి జరిపాడు.

"ఇప్పుడు చెప్పు, ఎవరి స్కెచ్ మంచిగున్నదో" అని నవ్వుకుంటూ టార్చి వేసి కాగితం చూశాడు.

ఐదడుగులని ఉంది. భాను చేతిరాతే.

మరో రెండడుగులు జరిపాడు. కాగితం మీద ఏడడుగులు. బయట కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

స్టూలు పక్కన ఇప్పుడొక బూట్ల జత బొమ్మ ఉంది. ఎడమ బూటు లేసు ఊడి ఉంది. ఆసిమ్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అచ్చం అలాగే ఉన్నాయి. ఎంత బాగా గీసిందోనని అప్పుడు కూడా మనసు చివుక్కుమంది.

ఆ బూట్ల వెనకే రెండు వట్టి పాదాలు, వేళ్లు అతని వైపే తిరిగి ఉన్నాయి. దూరం అరడుగు.

భాను కొలత తప్పు కావాలని ఆసిమ్ పొద్దుటి నుంచీ కోరుకుంటూనే ఉన్నాడు. కానీ ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు.